చేతిలో కత్తి.. నోట మంత్రం!

కంప్యూటర్ అక్కర్లేదు. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఒక బల్ల, చుట్టూ నలుగురైదుగురు స్నేహితులు, కొన్ని పాచికలు, పెన్సిలు, కాగితం. సరంజామా ఇంతే. ఈ ఆటలో కత్తి పట్టుకుని మంత్రాలు చదివే పాత్ర ఒకటుంది. చూడ్డానికి హీరోలా ఉంటుంది కానీ, ఆడటం మాత్రం నిజంగా కత్తిమీద సామే. దాన్ని ఎలా ఆడాలి? ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లకు అందులో పనికొచ్చేది ఏమైనా ఉందా?

'పాతాళభైరవి' చూశారా? 1951లో కె.వి.రెడ్డి తీసిన ఆ సినిమాలో కత్తి తోట రాముడిది, మంత్రం నేపాళ మాంత్రికుడిది. మన జానపద సినిమాల్లో చాలావరకు ఇదే లెక్క. కత్తి తిప్పేవాడికి మంత్రాలు రావు. మంత్రాలు వచ్చినవాడు కత్తి పట్టడు. ఇద్దరూ ఎదురుపడితేనే కథ రక్తి కడుతుంది. మరి ఆ రెండు విద్యలూ ఒక్కడికే వస్తే?

'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే అమెరికా ఆట ఈ ప్రశ్నతో 30 ఏళ్లకు పైగా కుస్తీ పడుతోంది. ఆ పాత్రకు అది పెట్టిన పేరు బ్లేడ్‌సింగర్. కత్తిని తాళంగా, కదలికను పాటగా మార్చుకుని యుద్ధం చేసే మాంత్రికుడన్నమాట.

ఉద్యోగాల పేజీలో ఈ ఆటల గోలేంటి అనిపిస్తోందా? మెకానికల్ చదువుతూ పైథాన్ నేర్చుకున్నవాళ్లు, బీకాం చేస్తూ డిజైనింగ్ కోర్సులో చేరినవాళ్లు మీలోనే బోలెడంతమంది. రెండు విద్యలున్నవాడు ఎప్పుడు దేన్ని బయటికి తీయాలి? ఎక్కడ ముందుకెళ్లాలి, ఎక్కడ ఆగాలి? బ్లేడ్‌సింగర్ ఆడేవాడి తలనొప్పి సరిగ్గా ఇదే. కాకపోతే ఇక్కడ తప్పు చేస్తే పోయేది కాగితం మీద ప్రాణమే.

అసలు ఈ ఆటేంటి?

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు కలిసి దీన్ని తెచ్చారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో పెట్టిన టీఎస్ఆర్ సంస్థ ప్రచురించింది. 1997లో టీఎస్ఆర్‌ను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనేసింది. 1999లో ఆ విజార్డ్స్‌నే బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొంది.

ఆడే పద్ధతి తేలికే. ఒకరు డంజన్ మాస్టర్ అవుతారు. అందరూ డీఎం అని పిలుస్తారు. కథ చెప్పేది, రాక్షసుల తరఫున ఆడేది, నియమాలు చూసేది ఆ మనిషే. మిగతావాళ్లు తలో పాత్ర తీసుకుంటారు. డీఎం పరిస్థితి చెబుతాడు. మీరేం చేస్తారో మీరు చెబుతారు. ఫలితం అనుమానంగా ఉంటే 20 ముఖాల పాచిక వేస్తారు. పడిన అంకెకు మీ నైపుణ్యం కలిపితే వచ్చే మొత్తం, దాటాల్సిన అంకెకు సమానంగానో ఎక్కువగానో ఉంటే పని అయినట్టే.

గెలుపోటములు వ్యక్తిగతంగా ఉండవు. జట్టంతా బతికితే బతికినట్టు, పోతే పోయినట్టు. క్యారమ్స్, లూడో అలవాటైనవాళ్లకు మొదట్లో ఇదే వింతగా అనిపిస్తుంది. "మరి గెలిచేదెవరు?" అని అడుగుతారు. రెండో వారం నుంచి ఆ ప్రశ్న అడగరు.

ఎల్ఫ్‌ల ఇంటి విద్య

బ్లేడ్‌సింగర్ మొదట కనిపించింది 1990ల మొదట్లో వచ్చిన 'ది కంప్లీట్ బుక్ ఆఫ్ ఎల్వ్స్' పుస్తకంలో. ఎల్ఫ్‌లంటే పొడవాటి చెవులు, వందల ఏళ్ల ఆయుష్షు ఉండే ఓ కల్పిత జాతి. కత్తిసాము, మంత్రం, నాట్యం మూడూ కలిసిన తమ విద్యను వాళ్లు బయటివాళ్లకు నేర్పరని కథ. మూడో ఎడిషన్ కాలంలో 2001లో, మళ్లీ 2003లో ఈ పాత్ర కొత్త రూపంలో వచ్చింది. నాలుగో ఎడిషన్‌లో 2011లో ఇంకోసారి. ఐదో ఎడిషన్‌లో 2015 నాటి 'స్వోర్డ్ కోస్ట్ అడ్వెంచరర్స్ గైడ్' పుస్తకం దీన్ని విజార్డ్ అనే మాంత్రికుల తరగతిలో ఒక శాఖగా పెట్టింది. అప్పటికీ ఎల్ఫ్‌లకు, సగం ఎల్ఫ్ రక్తం ఉన్నవాళ్లకు మాత్రమే.

2020లో 'టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్' వచ్చి ఆ కంచె తీసేసింది. ఇప్పుడు మనిషైనా, మరుగుజ్జైనా, ఎవరైనా బ్లేడ్‌సింగర్ కావచ్చు. పుట్టుక చూసి విద్య చెప్పే పద్ధతి కథల్లోనైనా పోయిందని సంతోషించినవాళ్లున్నారు. ఎల్ఫ్‌ల ప్రత్యేకత పోయిందని గింజుకున్నవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు తీసేయడమే బాగుంది. ఎల్ఫ్‌ల ఊళ్లో ఓ మామూలు మనిషి ఈ విద్య ఎలా సంపాదించాడనేది ఇంకా మంచి కథ కదా!

2024లో మూల నియమాలు మళ్లీ మారాయి. వాటికి తగ్గట్టు బ్లేడ్‌సింగర్ 2025 చివర్లో వచ్చిన 'హీరోస్ ఆఫ్ ఫెరూన్' పుస్తకంలో చేరాడు. ఈ వ్యాసంలో లెక్కలన్నీ 2014 మూల నియమాలు, 2020 పుస్తకం ప్రకారమే. పాత బృందాలు చాలావరకు ఇంకా వీటితోనే ఆడుతున్నాయి.

లెక్క చూస్తే కళ్లు తిరుగుతాయి

మాంత్రికుడు ఈ ఆటలో అందరికన్నా బలహీనుడు. మూడో స్థాయి పాత్రను తీసుకుందాం. ఒక మోస్తరు ఒంటి దారుఢ్యం ఉన్న మాంత్రికుడికి ప్రాణబలం, అంటే హిట్ పాయింట్లు, 20. అంతే దారుఢ్యం ఉన్న యోధుడికి 28. కవచం వేసుకోవడం మాంత్రికుడికి చేతకాదు. చురుకుదనం కాస్త ఉంటే రక్షణ అంకె 13 దగ్గర ఆగుతుంది. ఈ అంకెను ఆర్మర్ క్లాస్ అంటారు. శత్రువు పాచిక మొత్తం దీన్ని అందుకుంటే దెబ్బ తగిలినట్టు.

ఆటలో కొత్తవాళ్లకు ముందుగా ఎదురయ్యే పిల్ల రాక్షసుడు గాబ్లిన్. వాడు పాచికకు 4 కలుపుకుంటాడు. 13 అందుకోవడానికి వాడికి 9 పడితే చాలు. అంటే నూటికి 60 దెబ్బలు తగులుతాయి. ఇలాంటివాడు కత్తి పట్టి ముందుకెళితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇప్పుడు బ్లేడ్‌సింగర్ సంగతి. పొద్దున్నే మేజ్ ఆర్మర్ మంత్రం చదువుకుంటాడు. ఎనిమిది గంటలు పనిచేస్తుంది. రక్షణ 16 అయింది. గొడవ మొదలవగానే బ్లేడ్‌సాంగ్ అందుకుంటాడు. తెలివితేటల అంకె ఎంతుంటే అంత, మనవాడి విషయంలో 3, రక్షణకు కలుస్తుంది. 19! ఇనుప గొలుసుల కవచం తొడిగి డాలు పట్టుకున్న యోధుడికే 18. పరుగు వేగం కూడా పది అడుగులు పెరుగుతుంది. ఇంకా దెబ్బ తగలబోతే షీల్డ్ అనే మంత్రం ఉండనే ఉంది. అది తన తర్వాతి వంతు వచ్చేదాకా మరో 5 ఇస్తుంది. 24 అయింది. ఇప్పుడు గాబ్లిన్‌కు 20 పడితే తప్ప తగలదు. నూటికి 60 నుంచి 5కి దిగింది.

ఇక్కడే చాలామంది పడిపోతారు. ప్రేమలో పడిపోతారు, తర్వాత యుద్ధంలో కూడా పడిపోతారు.

ఎందుకంటే ఇవన్నీ అప్పులే. మూడో స్థాయి మాంత్రికుడికి రోజుకు మొదటి అంచె మంత్రాలు నాలుగు, రెండో అంచెవి రెండు మాత్రమే చదివే శక్తి ఉంటుంది. వీటిని స్లాట్లు అంటారు. మేజ్ ఆర్మర్‌కు ఒకటి పోయింది. ప్రతి షీల్డ్‌కూ ఇంకొకటి. బ్లేడ్‌సాంగ్ రాత్రి నిద్రపోయి లేచేలోపు ఈ స్థాయిలో రెండుసార్లే పనిచేస్తుంది, అదీ ఒక్కో నిమిషం. ఆ రోజు మూడో గొడవ వచ్చిందనుకోండి. అప్పుడు మీరు కత్తి పట్టుకున్న 20 పాయింట్ల పెద్దమనిషి మాత్రమే.

ఇంకో తిరకాసు కూడా ఉంది. బ్లేడ్‌సాంగ్ సాగాలంటే డాలు పట్టకూడదు. మధ్య రకం, బరువు రకం కవచాలు తొడగకూడదు. కత్తిని రెండు చేతులతో తిప్పితే పాట ఆగిపోతుంది. ఇది మొదట్లో శిక్షలా కనిపిస్తుంది. కానీ చాలా మంత్రాలకు చేతి ముద్రలు కావాలి. ఆ ఖాళీగా ఉన్న రెండో చెయ్యే మాంత్రికుడి అసలు ఆయుధం.

వంతెన మీద ఆరుగురు

ఒక సన్నివేశం ఊహించుకుందాం. హాస్టల్ గదిలో నలుగురు కూర్చున్నారు. ఒకడు యోధుడు, ఒకమ్మాయి వైద్యం తెలిసిన క్లెరిక్, ఒకడు బ్లేడ్‌సింగర్, నాలుగో మనిషి డీఎం.

"వంతెన అవతల పొదలు కదిలాయి. ఆరుగురు గాబ్లిన్లు బయటికొచ్చారు. మీ దిక్కే ఉరుకుతున్నారు. ఏం చేస్తారు?"

"మామా, నేను పాట అందుకుని నేరుగా వాళ్ల మధ్యలోకి దూకుతా!"

"ఆగరా బాబూ, నీకున్నదే 20 పాయింట్లు!"

దూకితే ఏమవుతుంది? గాబ్లిన్ రక్షణ 15, ప్రాణబలం 7. మనవాడి సన్న కత్తి దెబ్బ నూటికి 55 సార్లు తగులుతుంది. తగిలినా ఒక్కోసారి చాలదు. మొత్తం లెక్కేస్తే ఒక్క వేటుకు ఒక గాబ్లిన్ కూలే అవకాశం మూడింట ఒకటి. అంటే సగటున మూడు వంతులు కత్తి తిప్పితే ఒకడు పడతాడు. ఈలోపు నలుగురు చుట్టుముట్టారనుకోండి. షీల్డ్ వాడకపోతే వంతుకు ఆరేడు పాయింట్లు పోతాయి. అలా మూడు వంతులు గడిస్తే ఆయన పనైపోతుంది. షీల్డ్ వాడుకుంటూ పోతే బతుకుతాడు కానీ, ఆ మూడు వంతుల్లో మొదటి అంచె స్లాట్లన్నీ అయిపోతాయి. కూల్చింది మాత్రం ఒక్కణ్నే.

ఇప్పుడు అదే స్లాట్‌తో స్లీప్ మంత్రం చదివాడనుకోండి. ఎనిమిది ముఖాల పాచికలు ఐదు వేస్తే సగటున 22 చిల్లర వస్తుంది. ఏడేసి పాయింట్ల గాబ్లిన్లు ముగ్గురు అక్కడికక్కడే గుర్రుపెట్టి నిద్రపోతారు. ఒక్క స్లాట్, ఒక్క వంతు! కత్తి మూడు వంతుల్లో ఒకణ్ని పడేస్తే, మంత్రం ఒక్క వంతులో ముగ్గుర్ని పడుకోబెట్టింది.

మరి కత్తి దండగేనా? కాదు. ఇక్కడే ఈ పాత్రలోని అసలు మజా ఉంది. వెబ్ అనే రెండో అంచె మంత్రం ఉంది. వంతెన నిండా జిగురు సాలెగూడు పరుస్తుంది. గాబ్లిన్లలో సుమారు సగం మంది చిక్కుకుంటారు. చిక్కినవాళ్లను కొట్టడం యోధుడికి తేలిక. కానీ ఆ గూడు నిలవాలంటే మాంత్రికుడి ఏకాగ్రత చెదరకూడదు. దెబ్బ తగిలిన ప్రతిసారీ పాచిక వేసి ఏకాగ్రత నిలుపుకోవాలి. మామూలు మాంత్రికుడికి చిన్న దెబ్బ తగిలితే నిలిచే అవకాశం నూటికి 65. బ్లేడ్‌సాంగ్‌లో ఉన్నవాడికి తెలివితేటల అంకె ఇక్కడా కలుస్తుంది కాబట్టి 80. పైగా అసలు దెబ్బలే తక్కువ తగులుతాయి.

అంటే మంచి బ్లేడ్‌సింగర్ యోధుడి పక్కన, వంతెన మొదట్లో నిలబడతాడు. గూడు పరుస్తాడు. పాట అందుకుంటాడు. గూడు దాటి వచ్చిన ఒకరిద్దరిని కత్తితో నిలువరిస్తాడు. బూమింగ్ బ్లేడ్ అనే చిన్న మంత్రం ఇందుకు బాగా పనికొస్తుంది. దానికి స్లాట్ ఖర్చు లేదు. ఆ దెబ్బ తిన్నవాడు తర్వాత కావాలని అడుగు కదిపితే ఉరుము పేలి మళ్లీ తగులుతుంది. గాబ్లిన్‌కు రెండే దారులు, అక్కడే నిలబడాలి లేదా కదిలి దెబ్బ తినాలి. క్లెరిక్ వైపు పరుగెత్తే శత్రువును ఆపడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం ఈ స్థాయిలో నాకైతే కనిపించలేదు.

ఆరో స్థాయికి వచ్చాక కత్తికి ఇంకాస్త విలువ వస్తుంది. ఒకే వంతులో రెండు వేట్లు వేయొచ్చు. వాటిలో ఒకదాని బదులు అలాంటి చిన్న మంత్రం చదవొచ్చు. 2020 పుస్తకం తెచ్చిన మార్పు ఇది. పదో స్థాయిలో మిగిలిన స్లాట్లను కరిగించి తగిలిన దెబ్బ తీవ్రత తగ్గించుకోవచ్చు. పద్నాలుగులో తెలివితేటల అంకె కత్తి దెబ్బకూ కలుస్తుంది. అక్కడిదాకా చేరే బృందాలు తక్కువే అనుకోండి. సెమిస్టర్లు అడ్డొస్తాయి!

బల్ల దగ్గర మాట

లెక్కలు సగమే. మిగతా సగం నోటి పని. "నేను కొడుతున్నా" అంటే నియమాల ప్రకారం సరిపోతుంది. కానీ పక్కవాళ్లు ఫోన్లు తీస్తారు. "ఎడమ కాలు వెనక్కి వేసి, కత్తి కొన నేలకు రాస్తూ తిరిగా. వాడి కళ్లు కత్తి మీదే ఉన్నాయి. నా రెండో చేతివేళ్లు చూళ్లేదు" అనండి, గదంతా చెవులు రిక్కిస్తుంది. నియమాల పేర్లు ఇంగ్లిష్‌లో ఉన్నా కథ తెలుగులో చెప్పుకుంటే ఎవరూ కాదనరు. చాలామందికి మొదటి రోజు గొంతు పెగలదు. పాత్ర మాటున దాక్కుని మాట్లాడటం అలవాటయ్యాక, సొంత గొంతుతో మాట్లాడటం కాస్త సులువవుతుంది. ఇంగ్లిష్‌లో తడబడేవాళ్లు అప్పుడప్పుడూ ఓ పూట పూర్తిగా ఇంగ్లిష్‌లోనే ఆడి చూడొచ్చు. గాబ్లిన్ వ్యాకరణం తప్పులు పట్టుకోదు.

బ్లేడ్‌సింగర్ పాత్రతో ఒక సామాజిక ప్రమాదం కూడా ఉంది. రెండు పనులూ వచ్చు కాబట్టి ప్రతి సన్నివేశంలోనూ తానే ఉండాలనిపిస్తుంది. యోధుడి తరఫున పోరాటం, తాళాలు తీసేవాడి తరఫున తాళం, అన్నీ మంత్రాలతో తానే చేసేస్తుంటే పక్కనున్న మనిషికి పనేముంటుంది? రెండు వారాలు చూసి మూడో వారం రాడు. అందుకే అనుభవం ఉన్న డీఎంలు మొదటి రోజు ఆటే ఆడించరు. అందరినీ కూర్చోబెట్టి ఎవరికేం కావాలి, ఎవరు ఏ పని చేస్తారు, ఏ విషయాలు కథలోకి రాకూడదు అని మాట్లాడిస్తారు. దీన్ని సెషన్ జీరో అంటారు. బ్లేడ్‌సింగర్ ఆడదలుచుకున్నవాళ్లు ఆ రోజే యోధుడి పాత్ర తీసుకున్నవాణ్ని అడగాలి. "అన్నా, నువ్వు ముందు నిలబడితే నేను నీ పక్కన ఎక్కడుండాలి?" అని. ఈ ఒక్క మాట అడిగితే సగం గొడవలు తగ్గిపోతాయి.

రెజ్యూమెలో రాయొచ్చా?

సూటిగా చెప్పాలంటే ఈ ఆట ఆడారని ఏ హెచ్ఆరూ ఉద్యోగం ఇవ్వరు. 'హాబీస్: గేమింగ్' అని రాస్తే అది చదివేవాళ్లకు ఏమీ చెప్పదు. కొందరికి చెడ్డగా కూడా చెబుతుంది. రాసేదేదో పని రూపంలో రాయాలి. వారం వారం ఐదుగురిని కూర్చోబెట్టి ఏడాది పాటు ఆట నడిపారా? అందరికీ కుదిరే సమయం చూసుకుని, కథ రాసుకుని, అలిగినవాళ్లను బుజ్జగించి తెచ్చారా? అది రాయండి. ఎన్ని పూటలు నడిపారో అంకెతో సహా రాయండి. నడపకపోతే మాత్రం రాయొద్దు. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

"ఒత్తిడిలో నిర్ణయం తీసుకున్న సందర్భం చెప్పండి" అని అడిగినప్పుడు ఆట సంగతి చెప్పాలా వద్దా? ప్రాజెక్టులోనో, ఇంటర్న్‌షిప్‌లోనో మంచి ఉదాహరణ ఉంటే అదే చెప్పండి. లేకపోతే చెప్పొచ్చు, కానీ రెండు నిమిషాల్లో, రాక్షసుల పేర్లు లేకుండా చెప్పగలగాలి. "మా దగ్గర వనరులు ఇన్ని. ఇలా చేస్తే ఒకటి తీరేది, అలా చేస్తే మూడు తీరేవి. నా పని వదిలి జట్టు పనికి ఆ వనరు వాడాను." వంతెన కథ ఇలా కుదించి చెప్పడం ఇంట్లో అద్దం ముందు ప్రయత్నించి చూడండి, అనుకున్నంత తేలిక కాదు. ఎదుటి మనిషి కూడా ఈ ఆట ఆడినవాడైతే మాత్రం ఇంటర్వ్యూ సమయం ఎలా గడిచిందో ఇద్దరికీ తెలియదు.

బల్ల మీంచి స్టూడియోకి

ఈ ఆటకూ వీడియో గేమ్‌ల ఉద్యోగాలకూ బంధుత్వం పాతదే. 'డూమ్', 'క్వేక్' ఆటలు చేసిన ఇడ్ సాఫ్ట్‌వేర్ సంగతే తీసుకోండి. అక్కడ జాన్ కార్మాక్ డీఎంగా ఆడించిన ఆటలోని ఓ పాత్ర పేరే క్వేక్. బెల్జియానికి చెందిన లారియన్ స్టూడియోస్ 2023లో తెచ్చిన 'బాల్డర్స్ గేట్ 3' ఈ ఐదో ఎడిషన్ నియమాల మీదే నడుస్తుంది. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో మేటి ఆటగా నిలిచింది. 2025 ఏప్రిల్‌లో దానికి వచ్చిన ఎనిమిదో ప్యాచ్‌లో పన్నెండు కొత్త శాఖలు చేర్చారు. అందులో మన బ్లేడ్‌సింగర్ ఒకడు. బల్ల మీద నోటితో, పాచికతో జరిగే పని కోడ్‌లోకి వెళితే ఎలా ఉంటుందో చూడాలంటే ఇదే మంచి ఉదాహరణ.

ఇక అమెరికాలో కొందరు డబ్బింగ్ కళాకారులు తమ ఇంటి ఆటను 2015 నుంచి 'క్రిటికల్ రోల్' పేరుతో ప్రసారం చేశారు. 2019లో దాన్ని యానిమేషన్‌గా తీయడానికి అభిమానుల దగ్గర చందా అడిగితే కోటీ 13 లక్షల డాలర్లు దాటి వచ్చాయి. 2022లో ఆ సిరీస్ ప్రైమ్ వీడియోలో వచ్చింది. అందరికీ అలా జరుగుతుందని కాదు. అలాంటి కథ వెయ్యికి ఒకటి కూడా ఉండదు.

మన దగ్గర హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, పుణెలో యూబీసాఫ్ట్, బెంగళూరులో రాక్‌స్టార్ స్టూడియోలున్నాయి. ప్రోగ్రామింగ్, ఆర్ట్, టెస్టింగ్ ఉద్యోగాలకు ఆయా నైపుణ్యాలే చూస్తారు. గేమ్ డిజైన్, కథా రచన వైపు వెళ్లాలనుకునేవాళ్లకు మాత్రం బల్ల మీద ఆట ఉచిత ప్రయోగశాల. పైన చూసిన గాబ్లిన్ లెక్క ఉంది చూశారా? కత్తి ఎంత బలంగా ఉండాలి, మంత్రం ఎంత ఖరీదు కావాలి అని తూచడాన్నే ఆ రంగంలో బ్యాలెన్సింగ్ అంటారు. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి బ్లేడ్‌సింగర్ రక్షణను ఒకటో స్థాయి నుంచి ఇరవై దాకా యోధుడితో పోల్చి గ్రాఫ్ గీయండి. ఏ స్థాయిలో ఎవరు దాటుతున్నారో, ఎందుకో ఒక పేజీ రాయండి. నాకు ఆటలంటే ఇష్టం అని చెప్పే పది వాక్యాల కన్నా ఈ పేజీ బలంగా మాట్లాడుతుంది.

సొంతంగా సాహసకథలు రాసి అమ్మే దారి కూడా ఉంది. 2023 జనవరిలో విజార్డ్స్ సంస్థ తన పాత లైసెన్సును మార్చబోతే అభిమానులు, చిన్న ప్రచురణకర్తలు భగ్గుమన్నారు. దాంతో కంపెనీ వెనక్కి తగ్గింది. మూల నియమాల పత్రాన్ని, ఎస్ఆర్‌డీ 5.1ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. మూలం పేరు చెబితే చాలు, దాన్ని ఎవరైనా ఉచితంగా చదవొచ్చు, దాని మీద సొంత పుస్తకం కట్టి అమ్ముకోవచ్చు. అయితే ఒక జాగ్రత్త. మాంత్రికుడు ఆ పత్రంలో ఉన్నాడు కానీ బ్లేడ్‌సింగర్ లేడు. అతని నియమాలు ఎత్తి రాసి ఎక్కడపడితే అక్కడ అమ్మితే చిక్కే. అందుకు 2016లో మొదలైన డంజన్ మాస్టర్స్ గిల్డ్ అనే ఆన్‌లైన్ అంగడి ఉంది. దాని షరతులకు లోబడి అక్కడ రాసి పెడితే అమ్మిన ధరలో సగం రచయితకు వస్తుంది. ఆ సగం మీద ఇల్లు గడుస్తుందనుకోకండి. కానీ అచ్చయిన పని చూపించగలగడం ఫ్రెషర్‌కు చిన్న విషయం కాదు. లైసెన్సు పత్రం చదివి అర్థం చేసుకున్న అలవాటు కూడా రేపు ఏ ఉద్యోగంలోనైనా అక్కరకొస్తుంది.

మొదలుపెట్టేవాళ్లకు

ఖర్చు భయం వద్దు. పాచికలు లేకపోతే ఫోన్‌లో యాప్ ఉంటుంది. మూల నియమాలు ఉచితం. బ్లేడ్‌సింగర్ పుస్తకం బృందంలో ఒకరి దగ్గరున్నా నడుస్తుంది. టెలిగ్రామ్‌లో తిరిగే దొంగ పీడీఎఫ్‌ల జోలికి పోకండి. ఆటలు రాసి బతకాలనుకునేవాడు ఇంకొకరి రాతను దొంగిలించడం బాగుండదు. సమయం సంగతి ముఖ్యం. వారానికి ఒక పూట, మూడు గంటలు. క్యాంపస్ డ్రైవ్‌లు, పోటీ పరీక్షలు దగ్గరపడితే కథను ఒక ఊళ్లో ఆపేసి, తేదీ రాసుకుని లేచిపోండి. రాక్షసులు ఎక్కడికీ పోరు.

ఇంకో విషయం మొదటే తెలియాలి. ఆట మొదటి స్థాయి నుంచి మొదలైతే మీరింకా బ్లేడ్‌సింగర్ కాదు. ఆ శాఖ దక్కేది రెండో స్థాయిలో. 2024 నియమాలతో ఆడితే మూడో స్థాయిలో. అప్పటిదాకా ఎనిమిది పాయింట్ల ప్రాణబలం ఉన్న మామూలు మాంత్రికుడే. గాబ్లిన్ దెబ్బ ఒక్కోటి ఐదు చిల్లర. రెండు తగిలితే కింద పడ్డట్టే. పుస్తకంలో ఆరు మంత్రాలు, ఏ రోజుకారోజు సిద్ధం చేసుకునేవి నాలుగు, చదివే స్లాట్లు రెండే. ఆరింటిలో మేజ్ ఆర్మర్, షీల్డ్, స్లీప్ తప్పకుండా పెట్టుకోండి. ఫైండ్ ఫెమిలియర్ ఉంటే గుడ్లగూబను ముందు పంపి దారి చూసుకోవచ్చు. మిగతా రెండూ మీ కథకు తగ్గట్టు ఎంచుకోండి. యోధుడి వెనక రెండడుగుల దూరంలో నడవండి. కత్తి నడుముకు వేలాడుతూ ఉంటే బాగానే ఉంటుంది. శాఖ దక్కేదాకా దాన్ని ఒరలోంచి తీయకండి.